ఖాళీ సీసాలతో గోడ!

పెళ్ళి భోజనాలయ్యాక మండపం వెనక గుట్టగా పడి ఉండే నీళ్ళ సీసాలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీకూ అంతేనా? నైజీరియాలో కదునా దగ్గర యెల్వా అనే పల్లెలో 2011లో అలాంటి సీసాలతో ఏకంగా ఇల్లే కట్టారండీ!

సీసా నిండా పొడి ఇసుక కూరి మూత బిగిస్తారు. ఇటుకల్లా పడుకోబెట్టి, మెడల దగ్గర తాళ్ళతో ఒకదానికొకటి కట్టి, మధ్యలో మట్టి మెత్తుతారు. బరువు మోసేది లోపలి ఇసుకే, సీసా ఉత్త తొడుగు.

ఇసుక బదులు పాల కవర్లు, చిప్స్ కవర్లు కూరే పద్ధతి కూడా ఉంది. దీన్నే ఎకోబ్రిక్ అంటారు. కవర్లు కడిగి, తడి లేకుండా ఆరబెట్టాలి. లీటరు సీసాలో కనీసం 330 గ్రాములు పట్టాలిట. నేను గొప్పగా నింపి తూచితే 200 కూడా లేదు! గరిటె కాడతో కూరగా కూరగా, వారం రోజులకి దారికొచ్చింది.

ఎండ తగిలితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, పైన పూత తప్పదు. నిప్పంటుకుంటే విషపు పొగ. అందుకే వంటింటి ఛాయలకి రానివ్వకండి. పెరట్లో అరుగుకి నలభై కావాలి నాకు. పదకొండయ్యాయి.