ఇంజిన్ ఊగుతుంటే స్క్రూ తిప్పొద్దు, ముందు పెట్రోలు చూడండి



కలుపు మందు కొట్టం అని ఒట్టు పెట్టుకున్న మనకి పవర్ వీడర్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. వాన పడి, నేల ఆరి, పదును కుదిరిన ఆ నాలుగైదు రోజుల్లోనే కలుపు తియ్యాలి. సరిగ్గా అప్పుడే ఇంజిన్ మొరాయిస్తుంది. స్టార్ట్ అవుతుంది, కానీ నిలకడ ఉండదు. రేసు దానంతటదే ఎక్కుతుంది, పడిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది. వీడియోలో ఆ శబ్దం వినిపించాను, ఒకసారి వింటే ఇక మర్చిపోరు. మెకానిక్ దొరికేసరికి వారం పడుతుంది, ఈలోగా గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. అప్పుడు పక్కచేను రైతు "ఒక్కసారి మందు కొట్టేయ్, ఏమవుద్ది" అంటాడు. ఏళ్ల తరబడి కాపాడుకున్న నేల ఆ ఒక్క మాట దగ్గర ఓడిపోతుంది. అందుకే ఇంజిన్ సంగతి కూడా వ్యవసాయం సంగతే అంటాను నేను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇలా ఊగే ఇంజిన్లలో ఎక్కువ భాగానికి జబ్బు ఇంజిన్‌లో ఉండదు, పెట్రోలులో ఉంటుంది. మనం మాత్రం ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బొరేటర్ స్క్రూలు, గవర్నర్ స్ప్రింగు కదిలిస్తాం. చిన్న రోగానికి పెద్ద ఆపరేషన్ లాంటిది అది.

ఎందుకు ఊగుతుందో అర్థమైతే సగం పని అయినట్టే. ఇంజిన్ వేగం ఒకేలా ఉంచడానికి లోపల గవర్నర్ ఉంటుంది. వేగం తగ్గితే త్రాటిల్ తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది. కార్బొరేటర్‌లో సన్నటి కన్నం సగం మూసుకుపోతే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతుంది. ఇంజిన్ నీరసించగానే గవర్నర్ తెరుస్తుంది, వేగం ఒక్కసారి ఎక్కుతుంది, వెంటనే మూస్తుంది, మళ్లీ నీరసం. అంటే గవర్నర్ తన పని తాను చేస్తూనే ఉంది. తప్పు చెయ్యనిదాన్ని పట్టుకుని మనం బిగిస్తున్నాం.

ఇక పెట్రోలు సంగతి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ చెడ్డదని నేననడం లేదు. చెరకు, మొక్కజొన్న వేసే రైతులకి దానివల్ల గిరాకీ కూడా ఉంది. కానీ దానికి తేమ పీల్చుకునే గుణం ఉంది. రోజూ తిరిగే మోటార్ సైకిల్లో పెట్రోలు ఎప్పటికప్పుడు మారిపోతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. మన వీడర్ అలా కాదు, ఒక పంటకి నాలుగు రోజులు నడిచి, నాలుగు నెలలు కొట్టంలో మూల పడి ఉంటుంది. ఆ నిల్వ పెట్రోలు తేమ పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకి దిగుతాయి. ఇంజిన్‌కి వెళ్లేది ఆ అడుగుదే. కార్బొరేటర్ గిన్నెలో మిగిలింది ఆరిపోయి జిగురులా జెట్ కన్నాలకి అంటుకుంటుంది.

కాబట్టి నేను పాటించే వరుస ఇది. ఏ పని చేసినా ముందు ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు టోపీ పీకి పెట్టండి. దగ్గర్లో బీడీ, మంట ఉండకూడదు.

ఒకటి. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసెయ్యండి. కార్బొరేటర్ గిన్నె కింద ఉండే డ్రెయిన్ బోల్టు విప్పి అదీ ఖాళీ చెయ్యండి. గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే అడుగున నీటి పొర ఉందో లేదో కంటికే కనిపిస్తుంది. కొత్త పెట్రోలు పోసి నడపండి. చాలాసార్లు ఇక్కడితోనే కథ ముగుస్తుంది. తీసిన పెట్రోలు గట్టు మీద పొయ్యకండి. జీవామృతం పోసి పెంచుకున్న వానపాములు ఉండే చోటు అది. డబ్బాలో పట్టి మెకానిక్‌కి ఇస్తే సామాన్లు కడుక్కుంటాడు.

రెండు. ఇంజిన్ నడుస్తుండగా చోక్ సగం వెయ్యండి. ఊగడం ఆగి నిలకడగా నడిస్తే పెట్రోలు చాలడం లేదని అర్థం. జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతూ ఉండాలి. చోక్ వేస్తే ఇంకా అధ్వాన్నమై నల్లపొగ వస్తే ఎదురు జబ్బు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోయిందేమో చూడండి. ఈ ఒక్క పరీక్షకి పైసా ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

మూడు. ఎయిర్ ఫిల్టర్. స్పాంజి రకమైతే సబ్బు నీళ్లలో పిండి, బాగా ఆరాక కొంచెం ఇంజిన్ ఆయిల్ పట్టించి మళ్లీ పిండి పెట్టాలి. కాగితం రకాన్ని కడగకూడదు. దులపండి, పాడైతే మార్చండి. దుమ్ము ఎక్కువని ఫిల్టర్ తీసేసి నడిపేవాళ్లున్నారు, అది ఇంజిన్‌కి మట్టి తినిపించడమే.

నాలుగు. ప్లగ్గు. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, మరీ తెల్లగా ఉంటే తక్కువ. గ్యాప్ ఎంత ఉండాలో మీ మిషన్ పుస్తకంలో ఉంటుంది.

ఐదు. పది, పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతలో గాలి కన్నం మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్ విప్పాలి. జెట్‌లో ఇనుప సూది గుచ్చొద్దు, ఇత్తడి కన్నం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చర్ షాపులో గాలి పట్టిస్తే చాలు.

ఎద్దులుంటే ఈ గోలంతా ఎందుకు, గుంటక తోలుకుంటే పోయేది అంటారు కొందరు పెద్దలు. ఎద్దులున్నవాళ్లు అదృష్టవంతులే, పేడ, మూత్రం కూడా ఇంట్లోనే దొరుకుతాయి. కానీ రెండెకరాల కౌలు రైతు జత ఎద్దుల్ని ఏడాదంతా మేపగలడా? కూలీలు దొరకని ఊళ్లో ఒంటరిగా కూరగాయలు పండించే అక్కకి ఆ మిషనే దిక్కు. ఆమెకి ఎద్దుల గొప్పతనం చెప్పేకంటే చోక్ పరీక్ష నేర్పితే మేలు.

ఇంకో మాట. విత్తనం మనదే, ఎరువు మనదే, కషాయం మనదే అని గర్వంగా చెప్పుకుంటాం. మరి మిషన్ దగ్గరికొచ్చేసరికి అది మూసిన పెట్టె ఎందుకవ్వాలి? అమ్మేవాళ్లు రాయితీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు తప్ప గిన్నె ఖాళీ చెయ్యడం చూపించరు. కొనేటప్పుడే అడగండి, చూపించాకే డబ్బు కట్టండి. సంఘాల్లో అద్దెకిచ్చే మిషన్ల పరిస్థితి మరీ ఘోరం, పదిమంది వాడతారు, ఒక్కరూ ఫిల్టర్ చూడరు. ఒక నోటు పుస్తకం పెట్టి ఎవరు తీసుకెళ్లారు, ఆయిల్ ఎప్పుడు మార్చారు, పెట్రోలు ఖాళీ చేసి ఇచ్చారా లేదా రాయండి. ఖాళీ చెయ్యకుండా తెచ్చినవాళ్ల దగ్గర మిషన్ వెనక్కి తీసుకోవద్దు.

పెట్రోలు కూడా రెండు వారాలకి సరిపడానే తెచ్చుకోండి. పని అయిపోయాక పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా నడపండి. ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలో మిగిలిన చుక్క కూడా తీసి అప్పుడు గోనె కప్పండి. మొత్తం పది నిమిషాల పని. వచ్చే పదునులో ఆ పది నిమిషాలే మీ పొలంలోకి కలుపు మందు రాకుండా ఆపుతాయి.