శివారు ఇంటి ధరలో కనపడని పద్దులు

పరిమితమైన ఆదాయంతో హైదరాబాద్ శివార్లలో ఇల్లు వెతికే కుటుంబం సాధారణంగా చదరపు అడుగు ధర, విస్తీర్ణం, బ్యాంకు ఇచ్చే రుణం అనే మూడు అంకెలతో లెక్క మొదలుపెట్టి, ఆ లెక్క కుదరనప్పుడల్లా నగరానికి మరికొన్ని కిలోమీటర్లు దూరం జరుగుతూ పోతుంది. మియాపూర్‌లో అందని ఇల్లు బాచుపల్లిలో, అక్కడా అందకపోతే మల్లంపేటలోనో దుండిగల్‌లోనో దొరుకుతుంది కనుక ఈ పద్ధతి పైకి సబబుగానే కనిపిస్తుంది. అయితే దూరం జరిగిన ప్రతిసారీ కుటుంబం ఏదో ఒకటి వదులుకుంటోంది. వదులుకున్నవాటిలో కొన్ని తరువాత డబ్బుతోనో, ప్రభుత్వ పనులతోనో సమకూరుతాయి. కొన్ని ఎన్నటికీ సమకూరవు. ఈ రెంటినీ విడదీసి చూడకుండానే శివారు కొనుగోళ్లలో చాలా భాగం జరిగిపోతోంది.

దూరానికీ భూమి ధరకూ ఉన్న సంబంధాన్ని 1964లో విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త ఒక సిద్ధాంతంగా వివరించాడు. నగర కేంద్రానికి దగ్గరగా ఉండేందుకు ప్రతివారూ ఎంత చెల్లించగలరో అంతకు పోటీపడతారనీ, ప్రయాణ భారం పెరిగేకొద్దీ ఆ పోటీ సడలి ధర తగ్గుతుందనీ చెప్పే ఈ వాదాన్ని బిడ్ రెంట్ సిద్ధాంతం అంటారు. దీనిలో నగరానికి కేంద్రం ఒక్కటే అన్న ఊహ ఉంది. హైదరాబాద్‌కు ఆ ఊహ ఇప్పుడు సరిపడదు. ఒకప్పుడు అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ చుట్టూ తిరిగిన ఉద్యోగాల్లో పెద్ద భాగం పడమట మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు తరలిపోగా, 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అటువైపే ఉన్న కోకాపేటలో జరిపిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. తూర్పున బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్ వైపు ధరలు అందుబాటులో ఉన్నాయంటే అక్కడి నేల తక్కువదని కాదు, ఈ పడమటి ఆకర్షణకు ఎడంగా ఉండటమే కారణం. కనుక ఐటీ కారిడార్‌తో నిమిత్తం లేని ఉపాధ్యాయుడు గానీ, రైల్వే ఉద్యోగి గానీ, చర్లపల్లి కర్మాగారంలో పనిచేసే సాంకేతిక నిపుణుడు గానీ ‘పెరిగే ప్రాంతం’ అన్న మాటను నమ్మి పడమట కొన్నప్పుడు, తనకు అక్కరలేని సామీప్యానికి ఇరవై ఏళ్లపాటు వాయిదాలు కడుతున్నాడని చెప్పాలి.

ఇంటి ఖర్చును ప్రయాణ ఖర్చుతో కలిపి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. షికాగోకు చెందిన సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ 2006లో రూపొందించిన గృహ–రవాణా సూచీ, ఈ రెండు ఖర్చులూ కలిసి కుటుంబ ఆదాయంలో 45 శాతం దాటకూడదని ప్రమాణం పెట్టింది. ఇలా రెంటినీ కలిపి చూసే పద్ధతిని ఇక్కడి అంకెలతో పరీక్షించవచ్చు. శివారు ఇల్లు 15 లక్షలు తక్కువకు వచ్చిందనుకుంటే, 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల రుణంపై నెలవారీ వాయిదా సుమారు 13 వేల రూపాయలు తగ్గుతుంది. అందుకు బదులుగా ఆఫీసు 17 కిలోమీటర్లు దూరమైతే, నెలకు 22 పనిదినాలకు అదనపు ప్రయాణం 748 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 107 రూపాయల చొప్పున, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే ద్విచక్ర వాహనానికి ఇది 1,800 రూపాయల లోపే. ట్రాఫిక్‌లో 12 కిలోమీటర్లు మాత్రమే ఇచ్చే కారుకు 6,700 రూపాయలకు దగ్గర. ఇంట్లో ఇద్దరు సంపాదనపరులు చెరో కారులో చెరో దిక్కుకు వెళ్లే పరిస్థితి ఉంటే మిగిలిందనుకున్న 13 వేలూ పెట్రోలు బంకులోనే చెల్లిపోతాయి. ద్విచక్ర వాహనంపై వెళ్లేవారికి డబ్బు మిగులుతుంది గానీ, గంటకు ఇరవై కిలోమీటర్ల సగటు వేగంతో చూస్తే నెలకు దాదాపు 37 గంటలు, అంటే నాలుగు పనిదినాలకు మించిన కాలం, అదనంగా రోడ్డుపై గడుస్తుంది.

ఈ లెక్కలో తరచూ లోపించేది రెండో సంపాదన. దూరాన్ని ఇంటాయన ఆఫీసు నుంచి కొలిచి, ఇల్లాలి ఉద్యోగాన్ని ‘అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు’ అని పక్కన పెట్టే అలవాటు మధ్యతరగతిలో బలంగా ఉంది. పిల్లల బడి వేళలకూ, సాయంత్రం ఇంటి పనికీ ఆమే జవాబుదారీ కావడంతో, రోజుకు మూడు గంటల ప్రయాణం ఎదురైనప్పుడు ముందుగా ఆగిపోయేది ఆమె ఉద్యోగమే. నెలకు పాతిక వేల జీతం అలా ఆగిపోయిన ఇల్లు, బ్రోషర్ మీద ధర ఎంత ఉన్నా, చౌక అనిపించుకోదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడం ఈ సందర్భంలో చిన్న విషయం కాదు. బస్సు తరచుగా నడిచే దారికి నడిచి చేరుకోగలిగిన ఇంటికీ, షేర్ ఆటో ఎక్కితే తప్ప బస్టాపు చేరలేని ఇంటికీ మధ్య తేడా ఇప్పుడు ప్రతి నెలా చేతికందే డబ్బు రూపంలో కనిపిస్తోంది.

దూరాన్ని పటం మీద కాకుండా ప్రయాణ సాధనంతో కొలిస్తే కొన్ని తలకిందులైన ఫలితాలు వస్తాయి. నాగోల్ నుంచి రాయదుర్గం వరకు మెట్రో 2019 నవంబరు నుంచి నేరుగా నడుస్తోంది. 2025 సవరణ తరువాత గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. నగరానికి ఆ కొసన ఉప్పల్ దగ్గర ఉండే ఉద్యోగి గంటకు అటూ ఇటూగా, వాన వచ్చినా రాకపోయినా దాదాపు ఒకే సమయానికి ఆఫీసు ప్రాంతానికి చేరుకుంటాడు. కిలోమీటర్లలో అంతకన్నా దగ్గరగా ఉన్న బాచుపల్లి నుంచి బయలుదేరినవాడికి ఆ నిలకడ ఉండదు. ఇక 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును చూపించి అమ్మే ఇళ్ల సంగతి మరీ విచిత్రం. అది ఎక్కడపడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. నిర్ణీత ఇంటర్‌ఛేంజీల వద్దే ఎక్కి దిగాలి, టోల్ కట్టాలి, ప్రధాన రహదారిపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. బాల్కనీ నుంచి ఔటర్ కనిపిస్తుందని మురిసిపోయి కొన్న బైకు ప్రయాణికుడికి మిగిలేది సర్వీసు రోడ్డు.

రాబోయే సౌకర్యాల పేరిట ఈనాడే వసూలు చేసే ధర మరో రకం భారం. శివారు రైలు ఎంఎంటీఎస్ రెండో దశ 2012–13లో మంజూరు కాగా, మేడ్చల్, ఉమ్దానగర్ మార్గాల్లో రైళ్లు 2023లో, ఘట్‌కేసర్ వైపు 2024లో మొదలయ్యాయి. ఆ రైలును నమ్ముకుని తొలినాళ్లలో కొన్న ఇంట్లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు పది దాటేసి ఉంటాడు. మెట్రో మొదటి దశలోనే ఫలక్‌నుమా వరకు వెళ్లవలసిన మార్గం 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయింది. పటాన్‌చెరు, హయత్‌నగర్, విమానాశ్రయం వైపు పొడిగింపులతో 76.4 కిలోమీటర్ల రెండో దశకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదం తెలిపి కేంద్రానికి పంపింది. ఆ మార్గాల పొడవునా అమ్మకందారులు మాత్రం రైలు వచ్చేసినట్టే మాట్లాడుతున్నారు. పెట్టుబడికి స్థలం కొనేవాడు ఈ జూదం ఆడవచ్చు. ఉండటానికి ఒక్క ఇల్లు కొనేవాడు ఇప్పుడు నడుస్తున్న బస్సు, రైలు, రోడ్డుకే విలువ కట్టాలి.

పైవన్నీ ఎంతో కొంత కాలంతో మారే విషయాలు. కాలం మార్చలేనివి నేల వాలు, నీరు. హైదరాబాద్ పరిసరాల చెరువులు గొలుసుకట్టుగా ఏర్పడినవి. పై చెరువు నిండితే మత్తడి దూకిన నీరు వాగు వెంట కింది చెరువుకు చేరుతుంది. ఆ వాగును నాలాగా కుదించి, చెరువు లోపలి శిఖం భూముల్లో ప్లాట్లు చేసినా నీటి దారి మాత్రం మారదు. 2020 అక్టోబరులో ఒక్క రోజు కురిసిన వర్షానికి నాగోల్, హయత్‌నగర్, ఉప్పల్ వైపు అనేక కాలనీలు మునిగాయి. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి దిగువ బస్తీలు జలమయమయ్యాయి. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దును పూర్తి స్థాయి నీటిమట్టం, వాడుకలో ఎఫ్‌టీఎల్, అంటారు. ఆ హద్దు దాటాక పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలన్నది నిబంధన. అనేక చెరువుల తుది నోటిఫికేషన్ ఏళ్ల తరబడి పూర్తికాకపోవడంతో ఈ గీత ఎక్కడుందో కొనుగోలుదారుకు తేలిగ్గా తెలియదు. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి అమీన్‌పూర్ తదితర చోట్ల కూల్చివేతలు జరిపాక, పురపాలిక అనుమతి, బ్యాంకు రుణం రెండూ ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదని జనానికి అర్థమైంది. వర్షాకాలంలో ఆ వీధికి వెళ్లి ప్రహరీ గోడల మీద పాత నీటి చారలు ఎంత ఎత్తున ఉన్నాయో, పక్కింటివారు గుమ్మం ముందు కొత్తగా ఎన్ని మెట్లు కట్టుకున్నారో చూస్తే, ఏ పత్రమూ చెప్పని విషయం తెలుస్తుంది.

వర్షాకాలంలో మునిగే కాలనీయే వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూడటం శివార్లలో వింతేమీ కాదు. పట్టణ నీటి సరఫరాకు తలకు రోజుకు 135 లీటర్లు ప్రమాణం కాగా, ఇరవై ఫ్లాట్లలో ఎనభై మంది ఉండే అపార్టుమెంటుకు దాదాపు 10,800 లీటర్లు కావాలి. బోరు ఎండితే రోజూ 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు దిగినా పూర్తిగా చాలవు. అందువల్ల అడగవలసిన ప్రశ్న ‘మంజీరా నీటి కనెక్షన్ ఉందా’ అన్నది ఒక్కటే కాదు, ఏప్రిల్, మే నెలల్లో అసోసియేషన్ ట్యాంకర్లకు ఎంత ఖర్చు పెట్టిందన్నది కూడా. కాపలాదారు కుటుంబానికి ఈ సంగతి నిర్మాణదారుకన్నా బాగా తెలుస్తుంది.

మరి తక్కువ బడ్జెట్‌లో దేన్ని వదులుకోవాలి? వాలు, నీరు, హక్కు పత్రాలు, ఇద్దరి ప్రయాణం అన్నవాటిని పట్టుకుని విస్తీర్ణాన్నీ, కొత్తదనాన్నీ వదులుకోవడం మేలు. మూడు పడక గదుల కోసం పది కిలోమీటర్లు ముందుకు వెళ్లే కుటుంబం, ప్రకటనలోని 1,300 చదరపు అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా పాతిక నుంచి ముప్పై శాతం దాకా ఉంటుందనీ, గోడల లోపల వాడుకునే కార్పెట్ ఏరియా తక్కువేననీ ముందుగా గుర్తించాలి. వనస్థలిపురంలోనో, మల్కాజిగిరిలోనో పదిహేనేళ్ల నాటి ఫ్లాటుకు క్లబ్ హౌస్ ఉండదు, లిఫ్టు మొరాయిస్తుంది, బ్యాంకు భవనం వయసు చూసి రుణ కాలాన్ని తగ్గించవచ్చు. కానీ నాలుగైదు అంతస్తుల భవనం కనుక ఫ్లాటుకు దక్కే భూమి వాటా, అంటే యూడీఎస్, ఆకాశహర్మ్యంలో కన్నా సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై పడే 5 శాతం జీఎస్టీ దానికి ఉండదు; చదరపు అడుగుకు మూడు రూపాయలు అనుకున్నా 1,300 చదరపు అడుగులకు నెలకు 3,900 రూపాయలయ్యే గేటెడ్ కమ్యూనిటీ నిర్వహణ రుసుమూ ఉండదు. తూర్పు ముఖం కోసం వాలును, స్విమ్మింగ్ పూల్ కోసం తాగునీటిని పణంగా పెట్టడం కన్నా ఇది తెలివైన బేరం.

ఒకసారి కొన్నాక మనసు మార్చుకోవడం ఖరీదైన పని. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిసి 7.5 శాతం, అంటే 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు తిరిగిరాని ఖర్చు. ఎంచుకున్న ప్రాంతంలోనే ఒక వేసవి, ఒక వర్షాకాలం అద్దెకు ఉండి చూసేందుకయ్యే సొమ్ము చాలా సందర్భాల్లో దీనికి లోబడే ఉంటుంది. అయితే అన్ని కుటుంబాలకూ ఆ వెసులుబాటు ఉండదు కనుక కొంత బాధ్యత ప్రభుత్వం మీద ఉంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం నిర్మాణదారు తాగునీరు సహా అభివృద్ధి పనుల ప్రణాళికను వెల్లడించాలి. అది అతను చేయదలచినదాన్ని చెబుతుందే తప్ప ఆ సర్వే నంబరు చెరువుకు ఎంత దూరంలో ఉందో, గత పదేళ్లలో ఎన్నిసార్లు మునిగిందో, భూగర్భ జలం ఏ లోతున ఉందో చెప్పదు. ఈ వివరాలు నీటిపారుదల, భూగర్భ జల, పురపాలక శాఖల వద్ద విడివిడిగా ఉన్నాయి. వాటిని సర్వే నంబరు వారీగా ఒక్కచోట చేర్చి, విక్రయ ఒప్పందం కుదిరే ముందే కొనుగోలుదారు చేతికి అందేలా నిర్బంధం చేయడానికి కొత్త చట్టం కన్నా శాఖల మధ్య సమన్వయమే ఎక్కువ అవసరం.