బొమ్మల సైన్యం... బోలెడంత ఖర్చు!

అమ్మాయి పురిటికని ఇంగ్లండుకో అమెరికాకో వెళ్ళినప్పుడు, పెద్ద మనవడు బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుడికి సన్నని కుంచెతో రంగులేస్తూ కనబడ్డాడా? ‘నా సైన్యం పాడైపోయింది అమ్మమ్మా’ అని మొహం ముడుచుకున్నాడా? ఓడిపోయి ఉడుక్కుంటున్నాడని నవ్వేయకండి. వాడి బాధ వేరు.

ఆ ఆట పేరు ‘వార్‌హామర్ 40,000’. ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1987లో తెచ్చింది. ఇందులో ఇరవైకి పైగా సైన్యాలు. నచ్చిన సైన్యం ఎంచుకుని, బొమ్మలు కొని, ముక్కలు అతికించి, రంగులేసి, బల్ల మీద పాచికలతో యుద్ధం ఆడాలి. ఒక్కో దళానికీ ఇన్ని పాయింట్లని లెక్క. పెద్ద ఆటకు మామూలుగా ఇద్దరూ 2000 పాయింట్ల సైన్యం దించుతారు.

మన పులిజూదంలోనూ రెండు పక్షాలూ ఒకటి కావు. మూడు పులులు, పదిహేను మేకలు. అయినా నియమం మారదు, చింతగింజలకు ఖర్చూ లేదు. ఇక్కడ అలా కాదు. ఒక సైన్యం బలహీనంగా ఉందని పాయింట్లు తగ్గిస్తారు. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ నిన్న 2000 ఉన్న సైన్యం ఇవాళ 1850 అవుతుంది. లోటు పూడ్చాలంటే ఇంకో పెట్టె కొనాలి. బలం ఎక్కువైందని పాయింట్లు పెంచితే, నెలంతా కూచుని రంగులేసిన బొమ్మ అలమరలోకి పోతుంది. తూకం ఎటు సరిచేసినా చేతిచమురు ఆడేవాళ్ళదే!

పుస్తకాల సంగతీ అంతే. ‘వరల్డ్ ఈటర్స్’ అనే సైన్యం పుస్తకం 2023 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడు జూన్‌లో ఆట పదవ ఎడిషన్ వచ్చి, ఆ పుస్తకంలోని నియమాలు చెల్లకుండా పోయాయి. కొత్త నియమాలు ఉచితంగానే ఇచ్చారు, కాదనను. ఇన్ని సైన్యాలను సరితూచడమూ తేలిక కాదు. కానీ పుట్టినరోజు డబ్బులు దాచుకుని పుస్తకం కొన్న పిల్లాడికి ఆ డబ్బు తిరిగి రాదుగా!

మరి ఏం చేయాలంటారా?

* ఒకే సైన్యానికి కట్టుబడమనండి. ‘ఈ నెల ఏది గెలుస్తోంది’ అని కొంటూ పోతే, అది ఇంటికొచ్చి రంగులేసేలోగా లెక్కలు మారిపోతాయి.
* చిన్న ఆటలున్నాయి. ‘కంబాట్ పెట్రోల్’కు ఒక్క పెట్టె చాలు. ‘కిల్ టీమ్’కు పదిమంది సైనికులుంటే సరి.
* బొమ్మలు పాతవి, ఒకరు వాడినవి కూడా దొరుకుతాయి. పాతరంగు కడిగి కొత్తది వేసుకోవచ్చు.
* కొత్త ఎడిషన్ వస్తోందని తెలిస్తే, పుస్తకం కొనకుండా ఆగమనండి.
* ఇంట్లో స్నేహితులతో ఆడేటప్పుడు పాత నియమాలతోనే ఆడుకుందామని ఒప్పుకుంటే అడ్డేవారెవరు?

అన్నిటికన్నా ముందు వాడి పక్కన కూచుని, ఏడాదికి ఎంత పెట్టాలో ఒక అంకె కాగితం మీద రాయించండి. ‘పాడు బొమ్మలు’ అని మాత్రం తీసిపారేయకండి. నియమాలు మారినా, వాడు ఓపిగ్గా వేసిన రంగు మాత్రం చెక్కుచెదరదు. ఆ మాట మీ నోటినుంచి వింటే వాడి మొహం ఎలా విచ్చుకుంటుందో చూడండి!