నీళ్లూ మరుగుదొడ్డీ కూడా మైనారిటీ హక్కులే

మైనారిటీల హక్కులు అనగానే మన సభల్లోనూ పత్రికల్లోనూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు, వక్ఫ్ భూములు, ఉర్దూ పాఠశాలలు, ప్రాణరక్షణ. వీటిలో ఏ ఒక్కటీ చిన్నది కాదు. అయితే మన సముదాయంలో అత్యధికులు రోజూ ఎదుర్కొనే ఒక లేమి ఈ జాబితాలో ఎన్నడూ చేరదు. పనిచేసే చోట తాగడానికి మంచినీళ్లు లేకపోవడం, ఆడవాళ్లు వెళ్లడానికి తలుపూ గడియా ఉన్న మరుగుదొడ్డి లేకపోవడం, ఒంటికంటిన రసాయనాన్ని కడుక్కోవడానికి కుళాయి లేకపోవడం, ఆ పని ముగించుకుని చేరే బస్తీలో కూడా అదే కొరత ఎదురుకావడం. దీనిని పేదరికపు కష్టంగా చూసి ఊరుకుంటున్నామే తప్ప హక్కుల ఉల్లంఘనగా గుర్తించడం లేదు. ఈ దృష్టి మారాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం సురక్షితమైన నీటినీ పారిశుద్ధ్యాన్నీ మానవ హక్కుగా గుర్తించింది. అంతకు చాలా ముందే, 1991లో, సుభాష్ కుమార్ కేసులో మన సుప్రీంకోర్టు కాలుష్యం లేని నీరు, గాలి పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కనుక మనం అడుగుతున్నది దయ కాదు.

చట్టం ఏమి చెప్పింది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడింది. 18వ సెక్షను ప్రకారం కార్మికులందరికీ మంచినీళ్లు అందుబాటులో ఉండాలి. ఆ చోటు మీద అక్కడి కార్మికులలో ఎక్కువమందికి తెలిసిన భాషలో ‘తాగునీరు’ అని రాయాలి. మూత్రశాలకు గానీ, మరుగుదొడ్డికి గానీ, మురికి కాలువకు గానీ అది సాధారణంగా ఆరు మీటర్ల లోపు ఉండరాదు. 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో చల్లని నీళ్లివ్వాలి. 19వ సెక్షను స్త్రీలకూ పురుషులకూ వేర్వేరుగా, వెలుతురూ గాలీ ఉండే మరుగుదొడ్లు కట్టాలనీ, వాటిని శుభ్రంగా ఉంచాలనీ ఆదేశించింది. 42వ సెక్షను కడుక్కునే వసతి గురించి చెప్పింది. అది కూడా స్త్రీలకు వేరుగా, మరుగు కలిగి ఉండాలి.

డెబ్భై ఏళ్లకు పైగా అమల్లో ఉన్న ఈ నిబంధనలు మనవాళ్లు పనిచేసే చోట్ల ఎందుకు కనబడవు? తనిఖీ లేకపోవడం ఒక కారణం. అంతకన్నా మౌలికమైన కారణం ఆ చట్టపు గడపలోనే ఉంది. కరెంటుతో నడిచే చోట పదిమంది, కరెంటు లేని చోట ఇరవైమంది పనిచేస్తేనే అది ‘ఫ్యాక్టరీ’. తొమ్మిదిమంది పనిచేసే రేకుల షెడ్డు ఆ చట్టం దృష్టిలో ఫ్యాక్టరీయే కాదు. అలాంటి చోటుకు కూడా చట్టాన్ని వర్తింపజేసే అధికారం 85వ సెక్షను ద్వారా రాష్ట్ర ప్రభుత్వాలకు ఉండేది. దానిని మరుగుదొడ్ల కోసం వాడాలని ఎవరూ గట్టిగా అడగలేదు, వాడాలని ఏ ప్రభుత్వమూ తొందరపడలేదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఫ్యాక్టరీ నిర్వచనానికి కావలసిన సంఖ్యను పది నుంచి ఇరవైకి, ఇరవై నుంచి నలభైకి పెంచారు. పదిమంది పనిచేసే సంస్థలు కూడా తాగునీరు, మరుగుదొడ్డి వంటి కనీస వసతులు కల్పించాలని ఆ కోడ్ అంటున్నది. ట్రాన్స్‌జెండర్ కార్మికులను కూడా అందులో ప్రస్తావించడం హర్షించదగినదే. కానీ గడప ఎత్తు పెరిగినప్పుడు దాని అవతల మిగిలిపోయేవారి సంఖ్య కూడా పెరుగుతుంది. పదికి లోపు మనుషులున్న షెడ్డుకు, ప్రభుత్వం దానిని ప్రమాదకరమని ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఏ పూచీ ఉండదు. తనిఖీ అధికారి పేరు కూడా ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. తప్పు పట్టవలసినవాడే యజమానికి సలహాదారు కూడా అయ్యాడన్నమాట.

ఈ గడప అవతల ఎవరున్నారు? 2006 నవంబరులో ప్రధానికి సమర్పించిన సచార్ కమిటీ నివేదిక దీనికి జవాబు చెప్పింది. ముస్లిం కార్మికులు నెలజీతపు ఉద్యోగాల్లో తక్కువగా, స్వయం ఉపాధిలోనూ చిన్న పనివాడల్లోనూ ఎక్కువగా ఉన్నారని అది తేల్చింది. పనిచేసే ముస్లిం మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఇంటి ఆవరణలోనే పనిచేస్తున్నారని, మొత్తం మహిళా కార్మికుల్లో ఇది 51 శాతమేనని లెక్క చూపింది. అంటే కార్మిక చట్టం ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడి నుంచే మన సముదాయపు శ్రమ మొదలవుతున్నది. ఇది యాదృచ్ఛికమైన వెలితి కాదు. మైనారిటీ హక్కుల ఉద్యమం ఈ విషయాన్ని తన సొంత అంశంగా తీసుకోవలసిన కారణం ఇదే.

కాటేదాన్: గేటు దాటి వచ్చే మురికి

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడను చూడండి. ప్లాస్టిక్, రబ్బరు, లోహాలు, బ్యాటరీలు, నూనెలు, తినుబండారాలు తయారుచేసే చిన్నాపెద్దా యూనిట్లు అక్కడ పక్కపక్కనే ఉంటాయి. పాతబస్తీ యువకులు, బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాల్, ఒడిశాల నుంచి వచ్చిన వలస కార్మికులు వాటిలో పనిచేస్తారు. చుట్టూ ఉన్న బస్తీల్లోనే అద్దె గదుల్లో బతుకుతారు. ఆ ప్రాంతపు మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ వంటి లోహాలు మోతాదుకు మించి పేరుకున్నాయని హైదరాబాదులోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నిర్ధారించి చాలా ఏళ్లయింది. ఒకనాడు ఊరికి నీళ్లిచ్చిన నూర్ మహమ్మద్ కుంట పరిశ్రమల మురుగుతో నిండి పాడైపోయింది.

ఇక్కడ ఒక విషయం మన కుటుంబాలన్నీ తెలుసుకోవాలి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి; సీసం పోదు. క్లోరిన్ బిళ్ల వేసినా పోదు. బోరునీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన తాగదగినవని చెప్పలేం. బ్యాటరీ పనీ లోహం కరిగించే పనీ చేసేవారి చేతులకు, జుట్టుకు, బట్టలకు సీసపు ధూళి అంటుతుంది. పనిచోట స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ వీలు లేకపోతే ఆ ధూళి వారితోపాటు ఇంటికి వస్తుంది. తండ్రి ఒళ్లో కూర్చున్న పసిబిడ్డ శరీరంలోకి చేరుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుందనడంలో వైద్యులకు సందేహం లేదు. ఫ్యాక్టరీలో ఒక కుళాయి, ఒక సబ్బు, ఒక స్నానాల గది లేకపోవడం అనేది ఈ విధంగా బస్తీ పిల్లల చదువుల మీద పడుతున్నది. కార్మికుడి సమస్యనూ కుటుంబపు సమస్యనూ వేరుచేసి చూడలేమనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఇక బస్తీలో నీళ్ల సంగతి. నల్లా రోజంతా రాదు. నీళ్లు ఆగిపోయిన వేళల్లో ఖాళీ గొట్టంలోకి, పగిలిన అతుకుల గుండా, పక్కనే పారే మురుగు చేరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెల్లో అదే వస్తుంది. పిల్లలకు వాంతులు, విరేచనాలు, కామెర్లు పట్టుకుంటాయి. 2021 జనవరి నుంచి హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమన్నారు. మంచి పథకమే. అయితే దానికి కనెక్షను ఉండాలి, ఆధార్ జత చేయాలి. కనెక్షను ఇంటి యజమాని పేరున ఉంటుంది. ఒకే నల్లా మీద నాలుగైదు గదుల కిరాయిదారులు ఆధారపడినప్పుడు ఆ ఉచితం వారి దాకా చేరుతుందన్న హామీ లేదు. ఎవరికి అన్నిటికన్నా అవసరమో వారే డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నారు.

ఇల్లే కార్ఖానా అయినప్పుడు

నిజామాబాద్, బోధన్, కామారెడ్డి, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మన అక్కాచెల్లెళ్లది మరో రకం పరిస్థితి. కార్ఖానా నుంచి ఆకూ తంబాకూ తెచ్చుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఇంట్లోనే పొద్దస్తమానం చుడతారు. తునికాకు తడపడానికి నీళ్లు కావాలి. తంబాకు పొడి అంటిన చేతులు కడుక్కోవడానికి నీళ్లు కావాలి. ఆ చేతులతోనే పిల్లలకు అన్నం కలపాలి కదా. నమాజుకు వజూ చేయాలి. ఇంటిల్లిపాదికీ ఒకే గది అయితే తంబాకు ఘాటు పొయ్యిదాకా, ఉయ్యాలదాకా వెళుతుంది.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం పారిశ్రామిక ప్రాంగణాల్లో నీళ్లూ మరుగుదొడ్లూ ఉండాలన్నది. కాని నివాస గృహాన్ని ఆ ప్రాంగణపు నిర్వచనం నుంచి మినహాయించింది. ఫలితంగా కార్ఖానా ఇంటికి వచ్చింది, కార్ఖానాదారు బాధ్యత మాత్రం రాలేదు. గది అద్దె, కరెంటు, నీళ్లు, మురుగు అన్నీ కూలీ నెత్తినే పడ్డాయి. బీడీ కార్మికుల వైద్యానికీ ఇళ్లకూ ఆధారమైన సంక్షేమ నిధి బీడీల మీద వేసే సెస్సుతో నడిచేది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయింది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే జీవనభృతి ఎంతో కొంత ఆసరా. కానీ భృతి మరుగుదొడ్డికి బదులు కాలేదు.

మహిళల విషయంలో మరొక మాట. పనిచోట సరైన మరుగుదొడ్డి లేని ఆడవాళ్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండాకాలంలో, యంత్రాల వేడిలో కూడా మానేస్తారు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్లు, మూత్రపిండాల్లో రాళ్లు అలా వస్తాయి. బహిష్టు రోజుల్లో సెలవు పెట్టి ఆ రోజు కూలీ పోగొట్టుకుంటారు. మా ఆడపిల్లలను బయటి పనికి పంపలేమని కొందరు తండ్రులు అంటే దానిని వెనుకబాటుతనమని విమర్శించేవారు, తలుపులేని మరుగుదొడ్డి గురించి కూడా ఒక మాట అనాలి.

మన ముంగిట కూడా ప్రశ్న ఉంది

యజమానులందరూ బయటివారని అనుకుంటే అది సగం నిజమే. తమిళనాడులోని వాణియంబాడి, ఆంబూరు తోళ్ల పరిశ్రమలో ముస్లిం యజమానులు తరతరాలుగా ఉన్నారు. పాలారు నదీతీరపు నీళ్లూ నేలా ఆ పరిశ్రమ వ్యర్థాలతో పాడైన సంగతిని 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో చర్చించి, కలుషితం చేసినవారే పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. అదే ప్రాంతంలోని రాణిపేటలో 2015 జనవరి 31 తెల్లవారుజామున వ్యర్థాల తొట్టి గోడ కూలి, పక్కనే ఉన్న తోళ్ల కర్మాగారంలో నిద్రిస్తున్న పదిమంది కార్మికులు విషపు బురదలో మునిగి చనిపోయారు. వారిలో అత్యధికులు బెంగాల్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారు. పనిచోటే పడక అయిన బతుకులు అవి.

మన ఊళ్లలో వర్క్‌షాపు నడిపే భాయిలు, బీడీ కమీషన్‌దార్లు, గదులు కిరాయికిచ్చే మాలిక్‌లు ఈ ప్రశ్నను తమకు తాము వేసుకోవాలి. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. దిగేవారు దళితులైనా, మెహతర్ ముస్లిములైనా, వారి ప్రాణం ఖర్చు తగ్గించుకునే సాధనం కాదు. రూమా బావిని కొని ప్రజలందరికీ వదిలిన హజ్రత్ ఉస్మాన్ (రజి) కథ మన పిల్లలకు చెబుతాం. మన దగ్గర పనిచేసేవారికి ఒక కుళాయి వేయించలేకపోతే ఆ కథ చెప్పే నైతికత మనకు ఎక్కడిది?

ఏమి అడగాలి, ఏమి చేయాలి

మొదటిది, రాష్ట్ర ప్రభుత్వాలను అడగవలసింది. తాగునీరు, మరుగుదొడ్డి, కడుక్కునే వసతి అనే మూడింటికి కార్మికుల సంఖ్యతో ముడి ఉండరాదు. చిన్న యూనిట్లు విడివిడిగా కట్టుకోలేవంటే, పారిశ్రామికవాడల్లో వీధికొకటి చొప్పున, స్త్రీలకు వేరుగా, రాత్రి షిఫ్టులో కూడా తెరిచి ఉండే ఉమ్మడి మరుగుదొడ్లు, స్నానాల గదులు కట్టాలి. నిర్వహణ ఖర్చు యజమానుల నుంచి వసూలు చేయాలి.

రెండవది, నిధుల సంగతి. కేంద్రం నడిపే ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం కింద మైనారిటీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కూడా ప్రతిపాదనలు పంపవచ్చు. మనం షాదీఖానాలు అడిగినంత గట్టిగా మురుగుకాలువలు అడగడం లేదు. జిల్లా కమిటీ ముందుకు బస్తీవారే ప్రతిపాదనతో వెళ్లాలి.

మూడవది, సమాచారం. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర మన వాడ భూగర్భజల పరీక్షల ఫలితాలు ఏమున్నాయో, గత మూడేళ్లలో ఎన్ని యూనిట్లను తనిఖీ చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలే. చదువుకున్న యువకులు నెలకు ఒక్క దరఖాస్తు పెట్టినా ఏడాదికి మన చేతిలో ఒక దస్తావేజు తయారవుతుంది.

నాలుగవది, మస్జిదు కమిటీల పని. ప్రతి మహల్లాలో వజూఖానాకు బోరు ఉంటుంది. ఆ నీటిని ప్రయోగశాలలో లోహాలకు కూడా పరీక్ష చేయించి, ఫలితాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ గోడమీద అంటించడం ఏ కమిటీకీ మోయలేని భారం కాదు. జుమా రోజు ప్రసంగంలో సీసపు ధూళి గురించి, పనిబట్టలు విడిగా ఉతకడం గురించి నాలుగు మాటలు చెప్పవచ్చు.

ఐదవది, కార్మిక సంఘాలతో చేయి కలపడం. కాటేదాన్‌లో మన పిల్లవాడి పక్కన పనిచేసే ఒడియా హిందూ కార్మికుడు కూడా అవే నీళ్లు తాగుతున్నాడు. ఈ పోరాటాన్ని మనం మొదలుపెట్టినా, దాని ఫలితం అందరిదీ కావాలి. అప్పుడే అది గెలుస్తుంది.

వేసవిలో మన బస్తీల్లో దారిపొడుగునా చలివేంద్రాలు, సబీళ్లు వెలుస్తాయి. దాహం తీర్చడం పుణ్యకార్యం, అది సాగాలి. అయితే ఏడాదికి మూడు నెలలు సబీలు పెట్టే సమాజం, పన్నెండు నెలలూ కుళాయి కోసం నిలదీయడం కూడా నేర్చుకోవాలి. రాబోయే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవాడైనా, ముందు పారిశ్రామికవాడలోని మరుగుదొడ్డి దాకా నడిపించి తీసుకువెళ్దాం. మిగిలిన హామీల గురించి ఆ తర్వాత మాట్లాడవచ్చు.