ఓడినాయన రాసిన ఉత్తరం

సెలెక్షన్ లిస్టులో మీ పేరు లేదు, ఫ్రెండ్ పేరుంది. ఆ రాత్రి ‘కంగ్రాట్స్’ అని టైప్ చేయడానికి వేళ్లు రావు. నాకూ తెలుసు ఆ బాధ.

అమెరికా మాజీ అధ్యక్షుడు సీనియర్ బుష్ 18వ పుట్టినరోజునే నేవీలో చేరారు. 1944లో జపాన్ కాల్పులకు విమానం కూలినా, సముద్రంలోంచి బతికి బయటపడ్డారు. సెనేట్ ఎన్నికల్లో రెండుసార్లు ఓడినా ప్రజాజీవితం వదల్లేదు. 1992లో క్లింటన్ చేతిలో ఓడి అధ్యక్ష పదవే పోయింది. అయినా దిగిపోయే రోజున, గెలిచిన క్లింటన్ కోసం శుభాకాంక్షల ఉత్తరం రాసిపెట్టి మరీ వెళ్లారు.

2018లో ఆయన అంత్యక్రియల్లో మాట్లాడుతూ కొడుకు జూనియర్ బుష్ గొంతు పూడుకుపోయింది పదవుల దగ్గర కాదు, ‘నాన్న’ దగ్గర.

ఆఫర్ మన చేతిలో ఉండకపోవచ్చు. ఆ మెసేజ్ మాత్రం మన చేతిలోనే ఉంది. ఇవాళే పంపేయండి.