మూత రాని సీసా

రేడియోలో పాటకును పాటకును నడుమ దూరు ప్రకటనలను కోరి వినువారు తక్కువ. పాట ముగిసిన వెంటనే వంటయింటినుండి పోయి దాని గొంతు తగ్గించుటకు మనకు తీరిక యుండదు గనుక, చేతిలో గరిటె యాడుచుండగనే అవి చెవిని పడుచుండును. వానిలో నవ్వు పుట్టింపవలెనని చేసినవి కొన్ని గలవు. ఆ నవ్వు ఎవరిమీదుగా వచ్చుచున్నదో ఒకింత నిలిచి విన్నచో, వానిలో కొన్నియైనను మనమీదుగానే వచ్చుచున్నవని సోదరీమణులకు తోపకపోదు. కూర మాడ్చిన భార్య, ఖర్చు తెలియని భార్య, నోరు మూయని అత్తగారు, కారు నడపరాని కోడలు. ఈ నలుగురును లేనిచో హాస్యప్రకటనలు వ్రాయువారికి పూట గడవదేమో యని మాకు పలుమారు సందేహము కలిగినది.

ఈ నెల మన శీర్షికలో ఈ సంగతియే యెత్తుకొనుటకు కారణమున్నది. మా తోడికోడలి కుమార్తె హైదరాబాదులో ఒక కళాశాలలో పత్రికారచనయు, ప్రసారవిద్యయు చదువుచున్నది. విద్యార్థినులు నలుగురేసి జట్టుకట్టి, రేడియోకొఱకు నలువది సెకండ్ల హాస్యప్రకటన నొకదానిని తయారుచేయవలెనని వారి ఉపాధ్యాయురాలు నిర్ణయించిరి. ఆమె పెట్టిన నియమములు రెండు. ప్రకటించు వస్తువు కల్పితమైనది కారాదు. ఊరిలో ఎవరో నిజముగా చేసి అమ్ముచున్నదై యుండవలెను. ఆ అమ్మువారికి ముందుగా వినిపించి, వారు సరేయన్న పిదపనే తరగతిలో వినిపింపవలెను. మా యిల్లు కళాశాలకు దగ్గఱ. అందుచేత పదునైదు దినములు ఆ నలుగురు పిల్లలకును మా యిల్లే మకామైనది. మేమును కాఫీ లిచ్చి యూరకుండక, తుదకు ఆ ప్రకటనలో ఒక మూలుగు మూలిగితిమి.

వెల యిచ్చి రేడియోలో తమ వస్తువును పొగడించుకొనుట నూఱేండ్లు దాటిన పద్ధతి. 1922వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీని న్యూయార్కులో డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. అను స్టేషనునుండి ఒక గృహనిర్మాణ సంస్థవారు 50 డాలర్లు చెల్లించి తమ యిండ్లనుగూర్చి పది నిమిషములు మాటలాడించిరి. అందులో నవ్వును లేదు, పాటయు లేదు. పట్టణపు టిరుకును విడిచి రండని హితోపదేశము. మన దేశమున ఆకాశవాణి చాలకాలము ప్రకటనలను గడప త్రొక్కనీయలేదు. హిందీ సినిమా పాటలకై మనవారు రేడియో సిలోను పెట్టుకొనుచున్న రోజులలో, 1952లో ఆరంభమైన బినాకా గీతమాల పుణ్యమా యని ఒక దంతధావనపు పేస్టు పేరు ఇంటింట మాఱుమ్రోగెను. 1957లో పుట్టిన వివిధభారతిలోనికి ప్రకటనలు 1967లో గాని రాలేదు.

ఇప్పుడు పది నిమిషములు వినువారెవరు? రేడియోలో ప్రకటనకాలమునకు పది సెకండ్ల లెక్కన వెలకట్టుట వాడుక. మా పిల్లలు గడియారము ముందుంచుకొని చదివిచూడగా, తొందర లేక పలికినచో నలువది సెకండ్లలో డెబ్బది తెలుగు మాటలకంటె నెక్కువ పట్టవని తేలినది. చప్పుళ్లకును, నవ్వు వచ్చినచోట విడువవలసిన మౌనమునకును చోటు తీసివేయగా నలువదియైదు మాటలు మిగిలినవి. వానిలోనే ఒక కథ, ఒక నవ్వు, ఒక పేరు, ఒక ఫోను నంబరు ఇమడవలెను. మనము పేరంటమునకు పిలుచు పిలుపే యింతకంటె పెద్దది.

వస్తువునకై దూరము పోనక్కఱలేకపోయినది. మా వీథిచివర గుంటూరు ప్రాంతమునుండి వచ్చి స్థిరపడిన ఇల్లాలొకరు వేసవిలో ఆవకాయయు, మాగాయయు పెట్టి అమ్ముచున్నారు. పిల్లలందఱును ఆమెను పిన్నిగారనియే పిలుతురు. ఆ రెండు మాసములలో అమ్మినదానితోనే కుమారుని కళాశాల రుసుము కట్టుకొనవలసిన సంసారము.

పిల్లలు వ్రాసికొనిన మొదటి ప్రకటన యిట్లుండెను. భర్త భోజనమునకు కూర్చుండును. ఇది పప్పా, గోడకు పూయు సున్నమా యని యడుగును. భార్య యేడ్చును. పొరుగింటివారు పిన్నిగారి ఆవకాయ పంపుదురు. భర్త కంచము నాకును. తరగతిలో నవ్వులు పండుననుటకు సందేహము లేదు. దానిని పట్టుకొని నలుగురును పిన్నిగారి యింటికి పోయిరి. ఆమె ఆవపిండిలో చేయి పెట్టుకొనియే చివరివఱకు విని, చేయి కడిగికొని యిట్లనెను:

"ఇంకో ఆడదాని వంట బాగాలేదంటే గాని నా ఆవకాయ అమ్ముడుపోదటమ్మా? రేపొచ్చి నా దగ్గర కొనాల్సింది ఆవిడే గదా!"

ఇందులో ధర్మమెంత గలదో వ్యాపారమును అంతే గలదు. కొనువారిని ఎగతాళిచేసి వారికే అమ్మజూచుట ఏ అంగడివాడును తన కొట్టుమెట్టుపై నిలిచి చేయడు. రేడియోలో మాత్రము చేయుచున్నారు. ప్రకటనలవారు తమకు తామే ఏర్పఱచుకొన్న మండలి యొకటి మన దేశమున 1985నుండి గలదు. ఆ మండలి 2022లో స్త్రీపురుషుల మూసచిత్రణములనుగూర్చి నియమములను వెలువరించినది. మగవాడిట్లుండవలెను, ఆడుది యిట్లుండవలెనను మూసలో ఇమడనివారిని ప్రకటనలలో వెక్కిరింపరాదనియు, హాస్యముకొఱకే యనుట అందులకు సాకు కాజాలదనియు అందు గలదు. పిన్నిగారు ఆ కాగితమును చదివియుండలేదు.

పిల్లలకు కష్టము అప్పుడే మొదలైనది. ఎవరిని కొట్టక నవ్వించుట యెట్లు? మూడు దినములు మామిడికాయలు మాటలాడినవి, మిరపకాయలు తగవులాడినవి, జాడీ జోల పాడినది. ఒక్కటియు నవ్వు రాదయ్యెను. ఎవరిని నొప్పింపని హాస్యము చప్పగా నుండునని అనువారి మాట ఆ మూడు దినములు నిజమేమో యనిపించినది. భానుమతీ రామకృష్ణగారు అత్తగారి కథలలో అత్తగారిని చూచి మనలను ఎంత నవ్వించినను ఆ అత్తగారిపై మనకు ప్రేమయే పెరుగునుగదా యని మేము పిల్లలకు జ్ఞాపకము చేసితిమి. "అది పుస్తకం పెద్దమ్మా, మాకున్నవి నలభై సెకండ్లు" అని మా అమ్మాయి బదులు చెప్పినది. ఆ మాటయు నిజమే.

వారి ఉపాధ్యాయురాలు చెప్పిన యొక ఉదాహరణ దారి చూపినది. అమెరికాలో స్టాన్ ఫ్రీబర్గ్ అను హాస్యకారుడు 1960ల దశకమున రేడియో గొప్పను చాటుటకై ఒక ప్రకటన చేసెను. అందులో మిషిగన్ సరస్సు నీరంతయు తోడివేసి వేడి చాక్లెట్టుతో నింపుదురు. అందులోనికి 700 అడుగుల మీగడ కొండను దొర్లింతురు. విమానములు పది టన్నుల చెఱ్ఱీపండును తెచ్చి దానిపై వేయును. 25,000 మంది జయధ్వానము చేయుదురు. దీనిని టెలివిజనులో చేసిచూపుడని అతడు ముగించును. ఇదంతయు ఒక గదిలో కొన్ని చప్పుళ్లతో జరిగినది. కొండను కట్టినవాడు వినువాడే. ఒక గుణమునో ఒక కోరికనో పట్టుకొని ఆకాశమంత పెంచినచో, ఎవరిని వెక్కిరింపకయే నవ్వు వచ్చునని పిల్లలు దీనివలన గ్రహించిరి. కాని పెంచుటకు పిన్నిగారి ఆవకాయలో గుణమేది? రుచియా? అందఱును తమ ఆవకాయయే రుచి యందురు.

మరల ఆమె యొద్దకే పోయి యడిగిరి. అంతకు ముందటి యేడు ఆమె సీసా యొకటి అమెరికా పోవుచున్న యొకరి పెట్టెలో కారి, పట్టుచీర పాడైనదట. చీర వెలలో సగము ఆమె యిచ్చుకొన్నదట. ఆవకాయ ఊరిలో తిను వస్తువు మాత్రమే కాదు. హాస్టలుకు పోవు పిల్లవానితోను, విమానమెక్కు కూతురితోను పోవు వస్తువు. పెట్టెలో నూనె కారునేమో యను దిగులు ఎఱుగని తల్లి మనలో నున్నదా? అందుచేత ఆమె ఆ యేటినుండి మిక్కిలి బిగువైన మూతల సీసాలు తెప్పించినది. ఇంత చెప్పి, పిల్లలకు రుచి చూపుదమని ఒక సీసా తీసినది. మూత రాలేదు. ఆమె తిప్పెను, మా అమ్మాయి తిప్పెను, కొడుకు తిప్పెను. పిల్లలు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. ప్రకటన దొరకినది.

హాస్టలుకు ఇంటినుండి ఆవకాయ వచ్చును. ఒక పిల్ల మూత తిప్పుచు మూల్గును. తోడి పిల్ల మూల్గును. వంటవాడు వచ్చును, కాపలావాడు వచ్చును, గిన్నెలు దొర్లును, తుదకు వార్డెనమ్మ వచ్చి అందఱికంటె గట్టిగా మూల్గును. (ఆ వార్డెనమ్మ గొంతు మాది.) అంతట ఒక చిన్న గొంతు "జరగండి" అనును. చెంచా మొన మూతక్రింద దూర్చిన చప్పుడు. టప్పు. రెండు సెకండ్లు నిశ్శబ్దము. ఆ చిన్న గొంతే: "గిదేనా? గింతకేనా గంత లొల్లి?" పిమ్మట పిన్నిగారి పేరు, ఫోను నంబరు, ఒక్క వాక్యము: నూనె కారదు, మూతకు చెంచా వాడండి.

ఆ చిన్న గొంతును గూర్చి కొంత చెప్పవలెను. నలుగురిలో ఒకతె పాలమూరు పిల్ల. పాత్రలు పంచుకొనునప్పుడు తక్కిన మువ్వురును ఆలోచింపకయే ఆమెకు కాపలావాని భార్య వేషము నిచ్చిరి. సినిమాలలో చాలకాలము తెలంగాణపు మాట సేవకులకును, రౌడీలకును, నవ్వులాటకును కేటాయింపబడియుండెను. పిల్లలు దానిని వినియే పెరిగిరి. ఆ పిల్ల తగవు పెట్టుకొనలేదు. మూత తీయు వేషము నాకు కావలెనని మాత్రము అడిగినది. ఆ చివరి మాట ఆమె అప్పటికప్పుడు అన్నదే, ఎవరును వ్రాసి యిచ్చినది కాదు. ఇట్టి శైలిలో వ్రాయుట అలవాటైనవారము గనుక, మేము "ఇంతమాత్రమునకేనా ఇంత కలకలము?" అని మార్చి చెప్పిచూచితిమి. నవ్వు మాయమైనది. జహీరాబాదు దగ్గఱ మాచనూరు గ్రామమున 2008 అక్టోబరు 15న ప్రసారము మొదలిడిన సంగం రేడియోను పల్లె దళిత స్త్రీలే తమ యింటి మాటలో నడిపిన సంగతి మన పాఠకురాండ్రలో కొందఱెఱుగుదురు. సొంత మాట రేడియోలో వినబడినప్పుడు ఆ పిల్ల మొగమెట్లుండెనో చూచినవారికి, ఆ రేడియో వారికెందుకు కావలసివచ్చెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ధ్వనిముద్రణము మా పడకగదిలోని బీరువాలో జరిగినది. బీరువాలో ననగా నిజముగా బీరువాలోనే. గోడలున్న గదిలో మాట మాఱుమ్రోగును. వ్రేలాడు చీరల నడుమ ఫోను పెట్టి పలికినచో మ్రోత యుండదు. పైన ఒక బొంతయు కప్పిరి. ఫ్యాను ఆపించిరి, ఫ్రిజ్జు ఆపించిరి, ప్రక్కయింటి కుక్కరు మూడు కూతలు కూయువఱకు అందఱమును ఊపిరి బిగబట్టియుంటిమి. ఆరంభమున తాలింపు చప్పుడు పెట్టుదమని కాగిన నూనెలో ఆవాలు వేసి పట్టిరి. విన్నచో వాన కురియుచున్నట్లున్నది! చెవికి కన్ను తోడు లేనప్పుడు తాలింపునకును వానకును భేదము తెలియదు. కావున అది తీసివేసిరి. మూత వచ్చిన అసలు చప్పుడు ఫోనులో వినబడనే లేదు. నలుగురిలో చిన్నది బుగ్గలో వ్రేలు పెట్టి లాగి చేసిన టప్పే ప్రకటనలో నున్నది.

మూత రాని సీసా యని విని కొనువారు భయపడరా యని ఉపాధ్యాయురాలు సందేహించిరి. న్యాయమైన సందేహమే. పిన్నిగారు మాత్రము విని, పమిట చెఱగుతో కన్నులు తుడుచుకొనునంతగా నవ్వి, "మూత రాకపోతే నన్ను పిలుస్తారు, నూనె కారితే నన్ను తిడతారు. పిలవనీ!" అని ఒప్పుకొనెను.

ఇట్టి అమ్మకము గలవారికి పెద్ద ఎఫ్.ఎం. స్టేషనులలో కాలము కొనుట తలకు మించిన పని. చెన్నపట్టణపు అన్నా విశ్వవిద్యాలయమున 2004లో మొదలైనట్టి సామాజిక రేడియోలు వారికి కొంత అందుబాటు. 2006నాటి విధానముచే వానిలో గంటకు 5 నిమిషములు ప్రకటనలకు అనుమతి దొరకినది. పిదప ఆ పరిమితి పెరిగినది. పిల్లల ప్రకటన అంతవఱకు పోలేదు. తరగతిలో వినిపించిన పిమ్మట పిన్నిగారి కుమారుడు దానిని వాట్సాపులో నలుగురికి పంపెను, వారు మఱికొందఱికి పంపిరి. ఆ వారము ఏడుగురు కొత్తవారు ఫోను చేసిరట. వారిలో నలుగురు ఆవకాయ ధర యడుగుటకు ముందు మూత నిజముగా వచ్చునా యని యడిగిరట. నాటినుండి ఆమె ప్రతి సీసా మెడకును దారముతో ఒక చిన్న స్టీలు చెంచా కట్టి యిచ్చుచున్నది. చెంచా వెల ఆవకాయలో కలిపినారా యని మేము అడిగితిమి. కలుపలేదట.