అప్పు నిజమేనా? కాగితం చూపమనండి

వానల మీద బతికే కర్నూలు, కడప పల్లెల్లో అప్పు లేని ఇల్లు అరుదు. ఆదోని, కోసిగి వైపునుంచి ఏటా ఎందరో గుంటూరు పత్తి, మిరప చేలకు వలస పోతారు. అందుకే 'మీ బాకీ గంటలో కట్టకపోతే పోలీసులొస్తారు' అని ఫోన్ వస్తే గుండె గుభేలుమంటుంది. ఆయన తీసుకున్నారేమో, ఎవరికో జామీను ఉన్నామేమో అనుకుంటాం. మోసగాడికి కావలసింది ఆ అనుమానమే.

మన పరువును అడ్డం పెట్టుకుని వసూలు చేయడం కొత్త కాదు. సూక్ష్మరుణ సంస్థల వేధింపులు మితిమీరి, ఆత్మహత్యల వార్తలు రావడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుడు గడప ముందు కూర్చునేవాళ్లు, ఇప్పుడు ఫోన్లోకి దూరారు. లోన్ యాప్‌లవాళ్లు మన ఫోన్లోని నంబర్లు లాగి, ఫొటోలు మార్చి చుట్టాలకు పంపిస్తామని బెదిరిస్తారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఈ వేధింపులకు తాళలేక ఓ జంట ప్రాణాలు తీసుకుంది. ఇద్దరు పసిపిల్లలు అనాథలయ్యారు.

మరి అసలుకీ నకిలీకీ తేడా ఎలా తెలుస్తుంది? 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలే గీటురాయి. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, బంధువుల ముందు అవమానించకూడదు. యాప్ ద్వారా ఇచ్చిన అప్పయినా వాయిదా నేరుగా బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ ఖాతాకే చేరాలి. ఎవరో ఒకరి సొంత నంబరుకి ఫోన్‌పే చేయమన్నారంటే అనుమానించాల్సిందే.

కాబట్టి ఫోన్ రాగానే డబ్బు పంపకండి. సంస్థ పేరు, అప్పు నంబరు, తీసుకున్న తేదీ అడిగి, కాగితం పంపమనండి. తర్వాత ఆ సంస్థ బ్రాంచికి మీరే వెళ్లి కనుక్కోండి. నిజమైన బాకీ అయితే ఒక్కరోజులో మాయమైపోదు. ఆధార్, ఓటీపీ మాత్రం చెప్పొద్దు. బాకీ కట్టలేనంత మాత్రాన ఎవరూ జైల్లో పెట్టరు. వాట్సాప్‌లో వచ్చే 'అరెస్టు వారెంటు' బూటకం.

డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి. మెసేజీలు, కాల్ రికార్డులు చెరిపేయకండి. ముఖ్యంగా, సిగ్గుపడి దాచుకోకండి. ఈసారి పొదుపు సంఘం మీటింగులో లెక్కలయ్యాక ఐదు నిమిషాలు ఈ సంగతే మాట్లాడుకోండి. ఈరోజు మీకొచ్చిన ఫోనే రేపు పక్కింటావిడకీ వస్తుంది.